భోజనం వేళ నుంచి వెనక్కి లెక్క కట్టుకోండి: నెల్లూరు నుంచి ఉదయగిరికి 18 బండ్ల ఒకరోజు ప్రయాణం

మీ ప్రశ్న సారాంశం ఇది. జనవరి నెలాఖరులో ఒక ఆదివారం మీ క్లబ్బు తరఫున 18 బండ్ల మీద, వెనక కూర్చునేవారితో కలిపి 24 మంది, నెల్లూరు నుంచి ఉదయగిరికి వెళ్ళి, మధ్యాహ్నం అందరూ ఒక్కచోట కూర్చుని భోంచేసి, చీకటి పడకముందే తిరిగి రావాలనుకుంటున్నారు. పోయినసారి ఆత్మకూరు దాటాక గుంపు మూడు ముక్కలైందనీ, చివరివాళ్ళు చేరేసరికి మూడు గంటలైందనీ, ముందు వచ్చినవాళ్ళు ఆకలికి ఆగలేక విడివిడిగా తినేశారనీ, ఒక పెద్దాయనకు కళ్ళు తిరిగాయనీ రాశారు. ఎంత వేగంతో వెళ్ళాలి, గుంపు చెదరకుండా ఎలా ఉంచాలి, భోజనం ఎలా ఏర్పాటు చేసుకోవాలి అని అడిగారు. ఈ మూడింటినీ మీరు వేర్వేరు ప్రశ్నలుగా అడిగారు గానీ, పదిహేనేళ్ళుగా ఈ జిల్లా దారుల్లో గుంపులను నడిపిన అనుభవంతో నాకు అర్థమైనంతవరకు ఇవి ఒకే ప్రశ్న. భోజనం ఎన్నింటికి అన్నది ముందుగా ఖాయం చేసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తే బయలుదేరే సమయం, వేగం, ఆగే చోట్లు వాటంతట అవే తేలిపోతాయి. చాలామంది బయలుదేరే సమయం ఒక్కటే నిర్ణయించుకుని, భోజనాన్ని దారికి వదిలేస్తారు. మీకు పోయినసారి జరిగింది కూడా అదే అని నా అభిప్రాయం.

కాబట్టి భోజనం పన్నెండున్నరకు అనుకుందాం. నెల్లూరు నుంచి ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్లు. ఒక్క బండి అయితే రెండు గంటల్లో చేరుతుంది. 18 బండ్ల గుంపు ఆగడాలన్నీ కలుపుకుంటే గంటకు 35 నుంచి 40 కిలోమీటర్ల సగటుకు మించి నడవదు. ఇది ఎవరి చేతగానితనమూ కాదు, గుంపు స్వభావమే అంత. మధ్యలో ముప్పావు గంట టిఫినుకు పోగా, ఆరూ ముప్పావుకు బయలుదేరితే పదిన్నరకు ఉదయగిరిలో ఉంటారు. జనవరిలో మనవైపు ఆరున్నర ప్రాంతానికి గానీ పొద్దు పొడవదు, పెన్న ఒడ్డున సంగం దాకా పొగమంచు కూడా పట్టి ఉండవచ్చు, అందువల్ల అంతకంటే ముందు బయలుదేరి లాభం లేదు. తిరుగు ప్రయాణానికి మూడు గంటలు వేసుకుని రెండున్నరకల్లా కదిలితే, ఆరు దాటాక చీకటి పడే లోపల నెల్లూరు చేరవచ్చు. ఇక పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఉన్న రెండు గంటలే ఉదయగిరిలో తిరగడానికి మీకు మిగిలిన సమయం.

ఈ రెండు గంటల్లో కొండ ఎక్కాలని ఎవరైనా పట్టుబడితే దయచేసి ఒప్పుకోకండి. ఉదయగిరి కొండ సుమారు 3,000 అడుగుల ఎత్తు. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి ఈ దుర్గాన్ని సాధించుకోవడానికి ఏడాదికి పైగా ముట్టడి సాగించవలసి వచ్చిందంటే, దాని ఎత్తూ చుట్టుకొలతా ఎలాంటివో ఊహించుకోవచ్చు. బండి నడిపే బూట్లతో, హెల్మెట్లు చేత్తో పట్టుకుని ఎక్కి దిగినవాళ్ళకు తొడలు వణుకుతాయి. ఆ కాళ్ళతోనే మళ్ళీ 100 కిలోమీటర్లు బ్రేకు తొక్కాలి. కోట ఎక్కడానికి వేరే రోజు పెట్టుకోండి. ఈ రోజుకు కొండ దిగువన ఉన్న రంగనాయకస్వామి గుడిని చూసి, ఊరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసేవారి దగ్గరికి వెళ్ళండి. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం అది. రెండు పెద్ద గరిటెలు కొని వాటితోనే ఆ మధ్యాహ్నం వడ్డించుకుంటే, ఆ గరిటెలు క్లబ్బు ఉన్నంతకాలం ప్రతి ప్రయాణానికీ పనికివస్తాయి. మా దగ్గర ఉన్నవి అలా కొన్నవే.

ఇప్పుడు గుంపు చెదరడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని సరిగా అర్థం చేసుకోనివాళ్ళే వెనకవాళ్ళను నెమ్మదస్తులని నిందిస్తారు. అందరికంటే ముందు వెళ్ళే లీడ్ 60లో వెళుతున్నాడనుకోండి. ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్ వస్తుంది. అతను 15కు తగ్గి, దాటి, మళ్ళీ 60కి చేరుకుంటాడు. రెండోవాడు స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వచ్చేసరికి మొదటివాడు అప్పటికే వేగం అందుకుని దూరమై ఉంటాడు; ఆ ఖాళీని పూడ్చడానికి రెండోవాడు 65లో వెళ్ళాలి. మూడోవాడు ఇంకొంచెం ఎక్కువ. ఇలా ఒక్కొక్కరికీ పెరుగుతూ పోయి, పద్దెనిమిదోవాడు ఎప్పుడూ ఎనభై, తొంభైలలో తరుముకుంటూనే ఉంటాడు, అయినా వెనకబడే ఉంటాడు. అంటే గుంపు అంతటిలో ఎక్కువ వేగంతో, ఎక్కువ అలసటతో, ఎక్కువ ప్రమాదంలో వెళుతున్నది చివరి మనిషే. సాధారణంగా ఆ చివరన ఉండేది కొత్తగా చేరిన కుర్రవాడో, 100 సీసీ బండి మీద వచ్చిన పెద్దాయనో అవుతాడు. మీ పెద్దాయనకు కళ్ళు తిరిగినప్పుడు ఆయన వరుసలో ఎక్కడ ఉన్నారో ఒకసారి కనుక్కోండి.

దీనికి మందు రెండు రకాలుగా ఉంది. ఒకటి, 18 బండ్లను ఆరేసి చొప్పున మూడు జట్లుగా విడదీయడం. ఎందుకో లెక్క చూడండి. 60 వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎడమా కుడీ మార్చి నిలిచే వరుసలో ఏటవాలుగా ముందున్న బండికి ఒక సెకను, నేరుగా ముందున్న బండికి రెండు సెకన్లు దూరం పాటిస్తే ఆరు బండ్ల జట్టు 85 మీటర్లలో ఇముడుతుంది. అదే 18 బండ్లు కలిసి వెళితే 280 మీటర్ల పైన పడుతుంది. అంత పొడవైన వరుసను దాటడం ఏ లారీకీ, బస్సుకూ సాధ్యం కాదు. వాళ్ళు మధ్యలో దూరతారు, దూరిన చోట గుంపు తెగుతుంది. జట్టుకూ జట్టుకూ నడుమ రెండు మూడు నిమిషాల ఎడం ఉంచండి, ఒకరినొకరు చూస్తూ వెళ్ళాలన్న పట్టింపు వద్దు. రెండవది, ప్రతి జట్టులోనూ అందరికంటే నెమ్మదైన బండిని లీడ్ వెనకాలే, రెండో స్థానంలో పెట్టడం. అప్పుడు లీడ్ తన అద్దంలో ఆ బండిని చూసుకుంటూ వేగం సర్దుకుంటాడు. అందరిలోకి గట్టి చేయి ఉన్న మనిషి లీడ్‌గా కాకుండా చివరన స్వీప్‌గా ఉండాలి. పంక్చర్ కిట్టు, గాలి పంపు, ప్రథమ చికిత్స పెట్టె అతని దగ్గరే ఉండాలి, ఎందుకంటే ఆగిపోయిన బండి దగ్గరికి తప్పనిసరిగా చేరేది అతనే.

లీడ్ తన లేనులో కుడివైపు మూడో వంతులో, రెండోవారు ఎడమవైపు మూడో వంతులో, ఇలా మారుతూ పోవాలి. ఈ వరుస ఆత్మకూరు దాకా ఉన్న వెడల్పు రోడ్డుకే. ఉదయగిరి దారిలోకి మళ్ళాక మలుపులూ ఇరుకూ వస్తాయి. అక్కడ ఒకరి వెనక ఒకరు, రెండు సెకన్ల దూరంతో వెళ్ళండి. ఎవరి కంగారు వారిదిగా ముందున్నవారిని దాటడం మాత్రం జట్టులో పూర్తిగా నిషేధించండి.

మలుపుల సంగతి చెప్పాలి. నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాళెం, సంగం మీదుగా ఆత్మకూరు దాకా దారి తప్పే అవకాశం లేదు. ఆత్మకూరు తర్వాత ఉదయగిరికి హైవే వదిలి కుడివైపు మళ్ళాలి. అది గమనించనివాళ్ళు నేరుగా బద్వేలు వైపు వెళ్ళిపోతారు. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఐదు బండ్లు అలాగే వెళ్ళిపోయాయి. ఫోన్లలో దారి చూపించే యాప్ అందరికీ ఉన్నా సరే, ముందువాణ్ణి చూస్తూ వెళ్ళే మనిషి దాన్ని చూడడు. ఆ తర్వాత నుంచి మేము ఒక పద్ధతి పాటిస్తున్నాం. మలుపు రాగానే లీడ్ చేయి చూపిస్తాడు. అతని వెనక ఉన్నవారు ఆ మలుపులో, అందరికీ కనిపించేలా, రోడ్డు దిగి సురక్షితమైన చోట ఆగుతారు. తమ జట్టు స్వీప్ కనిపించేదాకా కదలరు. స్వీప్ రాగానే అతనికి ముందుగా వరుసలో చేరతారు. దీని వల్ల ఎవరు ఎంత వెనకబడినా దారి తప్పరు, అందుకోవాలని తరమవలసిన అవసరమూ ఉండదు. ఇందాక నెమ్మదైన బండిని రెండో స్థానంలో పెట్టమన్నాను కదా, అందుకని మలుపు రావడానికి ముందే మూడో బండిని కాపలాకు నియమించుకుంటే మరీ మంచిది. హైవే మీద కుడివైపు మళ్ళేటప్పుడు మధ్యలో నిలబడి ఎదురుచూడవద్దు. ఎడమ అంచున జట్టంతా ఆగి, రెండు వైపులా ఖాళీ అయ్యాక కలిసి దాటండి.

ఈ దారికి ఒక సౌలభ్యం ఉంది, దాని వెనకే ఒక ప్రమాదమూ ఉంది. ఉదయం మీరు పడమటి వైపు వెళతారు కాబట్టి ఎండ వీపు మీద పడుతుంది. సాయంత్రం తూర్పుకు వస్తారు కాబట్టి అప్పుడూ ఎండ వీపు మీదే. మైపాడుకో కొత్తపట్నానికో పొద్దున్నే సముద్రం వైపు వెళ్ళేవాళ్ళకు ఈ సుఖం ఉండదు. కానీ మీ కళ్ళలో పడని ఎండ ఎదురుగా వచ్చేవాడి కళ్ళలో పడుతుంది. ఆత్మకూరు వైపు నుంచి వచ్చే లారీ డ్రైవరుకు ఉదయం మీ గుంపు నల్లటి నీడలాగా తప్ప కనిపించదు. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది. అంతకు ముందువి ఉంటే వాళ్ళు స్విచ్చి వేసుకోవాలని బయలుదేరే ముందు ఒక్కొక్కరినీ అడిగి చూడండి. ఎదుటి వాహనం ముందున్నదాన్ని దాటబోతోందని అనిపిస్తే, అతను మనల్ని చూశాడనుకోకుండా ఎడమకు జరగండి. దారిలో గడ్డి ట్రాక్టర్లు, గేదెల మందలు ఎలాగూ ఉంటాయి. మంద మధ్యలోంచి హారను కొడుతూ దూరకండి, ముఖ్యంగా బర్రెకూ దాని దూడకూ మధ్య నుంచి వెళ్ళకండి.

బండి పత్రాలు, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అందరికీ తెలిసినవే. వెనక కూర్చునే ఆరుగురికీ హెల్మెట్ ఉండాలన్నది మాత్రం గట్టిగా చెప్పండి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవారికీ వెనకవారికీ సమానంగా వర్తిస్తుంది. జరిమానా 1,000 రూపాయలు, లైసెన్సు మూడు నెలలు రద్దయ్యే అవకాశమూ ఉంది. శనివారం సాయంత్రమే ట్యాంకు నింపుకుని, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోవాలి. ఇద్దరు ఎక్కే బండికి వెనక చక్రంలో ఎంత ఉండాలో ఆ బండి మీద అంటించిన కాగితంలోనే ఉంటుంది. ప్రమాదం జరిగితే 108, జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా పనిచేస్తుంది.

ఇక భోజనం. 24 మంది ఆదివారం మధ్యాహ్నం ముందుగా చెప్పకుండా ఒక చిన్న ఊరి హోటల్లో అడుగుపెడితే మొదటి బంతికీ చివరి బంతికీ గంటన్నర తేడా వస్తుంది, కలిసి తినడం అన్న మాటే పోతుంది. అంతా ఇళ్ళ నుంచి తెచ్చుకోవడంలో మరో చిక్కు ఉంది. ఒకసారి మేము అన్నం మొత్తం ఒకే బండి మీద పెట్టాం. ఆ బండికి సంగం దగ్గర టైరు పేలింది. కూరలు, పచ్చళ్ళు అన్నీ ముందే చేరి, అన్నం కోసం రెండు గంటలు కూర్చున్నాం. పిల్లలతో వచ్చిన ఒకావిడ ఆ రోజు పడిన ఇబ్బంది నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ రాలేదు, అందుకు బాధ్యత నాదేనని ఇప్పటికీ అనుకుంటాను. అందువల్ల నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: వేడి అన్నం మాత్రం ఉదయగిరిలోనే, ఒక హోటల్‌తోనో వంటమనిషితోనో శనివారమే మాట్లాడి, కొంత డబ్బు ముందే పంపి, పన్నెండూ పావుకు అందేలా వండించండి. పులిహోర, దద్దోజనం కూడా ఉంటాయి కాబట్టి 24 మందికి రెండున్నర కిలోల బియ్యం సరిపోతుంది. అవి లేకపోతే మూడున్నర కిలోలు కావాలి. మిగిలినవన్నీ ఇళ్ళ నుంచి రావాలి, ప్రతి వంటకమూ కనీసం రెండు బండ్ల మీద, వేర్వేరు జట్లలో ఉండాలి.

ఏవి తెచ్చుకోవాలో ఎంచుకునేటప్పుడు రుచి కంటే ముందు ఆరు గంటల ప్రయాణాన్ని తట్టుకుంటుందా అన్నది చూడాలి. మనకు చేపల పులుసు ఉండనే ఉంది. శనివారం సాయంత్రం వండింది ఆదివారం మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుంది, చింతపండు పులుపు దాన్ని కాపాడుతుంది. మామిడికాయ వేయడానికి అది కాలం కాకపోయినా లోటు తెలియదు. రాత్రి చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున మరోసారి బాగా కాచి, మూత బిగిసే స్టీలు క్యారియర్‌లో పోయాలి. పులుపు వస్తువును అల్యూమినియం గిన్నెలో తీసుకురావద్దు. దద్దోజనానికి మెత్తటి అన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుని ఉంటుంది. పొద్దునే పెరుగు నిండుగా కలిపితే తినేవేళకు పులిసిపోతుంది. పులిహోరకు గూడూరు నిమ్మకాయలు ఉండగా వేరే ఆలోచన అక్కర్లేదు గానీ, అన్నం పళ్ళెంలో ఆరబెట్టి చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడివేడిగా మూత బిగిస్తే ఆవిరి నీరై దిగి, అన్నం చెడిపోతుంది. కొబ్బరి పచ్చడి, ముద్దపప్పు, కొబ్బరి వేసిన కూరలు వద్దు. వాటి బదులు గోంగూర పచ్చడి, కందిపొడి, వడియాలు తెచ్చుకోండి.

ఎవరి బండి మీద ఎక్కడ పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. మన దగ్గర ఎక్కువ బండ్లకు సైలెన్సరు కుడివైపు ఉంటుంది, ఆ వేడికి కుడి సంచిలోని దద్దోజనం పదింటికే పులుస్తుంది. తిండి ఎడమ సంచిలో, పనిముట్లు కుడి సంచిలో పెట్టండి. వెనక కూర్చున్నవారి ఒడిలో గిన్నె పెట్టడానికి ఎవరినీ అనుమతించకండి. బ్రేకు పడితే వాళ్ళు గిన్నెను పట్టుకుంటారే తప్ప బండిని పట్టుకోరు. వెంట ఒక కారు వచ్చే వీలుంటే పులుసు, రెండు 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్లు, విస్తరాకులు అందులో వేయండి.

కళ్ళు తిరిగిన పెద్దాయన విషయానికి వస్తే, ఆయనకు షుగరు మాత్రలు ఉన్నాయో లేదో ముందుగా, విడిగా, మర్యాదగా కనుక్కోండి. అందరి ముందూ అడగకండి. కొన్ని రకాల షుగరు మాత్రలు వేసుకుని తిండి ఆలస్యమైతే అలా అయ్యే అవకాశం ఉంది. ఆత్మకూరులో ఎనిమిదీ పావుకు జరిగే టిఫిను ఎవరూ వదలకూడదు. పదకొండు గంటలకు ఒక అరటిపండు, ఒక గ్లాసు మజ్జిగ ప్రతివారికీ ఇవ్వండి, అప్పుడు ఆయన ఒక్కడికే ఇచ్చినట్టు ఉండదు. ఆయన జేబులో నాలుగు గ్లూకోజు బిళ్ళలు, స్వీప్ దగ్గర ఆయన ఇంటి ఫోన్ నంబరు ఉండాలి.

కూర్చునే చోటు ముందుగా ఒకరు వెళ్ళి చూసి రావాలి. నీడ ఉన్న చింతతోపో వేపతోపో అయితే దాని యజమానిని అడిగి, ఖర్చు ఏమైనా ఉంటే ఇచ్చి కూర్చోండి. గుడి ఆవరణలో, కోట కట్టడాల దగ్గర వద్దు, ముఖ్యంగా చేపలు ఉన్నాయి కాబట్టి. శాకాహారులకు గరిటెలు వేరుగా ఉండాలి, వాళ్ళ బంతి ముందు వడ్డించాలి. డబ్బు విషయం ఒక్కరే చూసుకుని, అదే రోజు రాత్రి లెక్క అందరికీ పంపాలి. తెచ్చిన వంటకానికి డబ్బు తీసుకోవద్దు, అన్నానికీ నీళ్ళకూ అయిన ఖర్చు 24తో భాగించండి. విస్తళ్ళు, ప్లాస్టిక్ సంచులు ఏరడానికి ఇద్దరు తిన్న వెంటనే లేవాలి.

భోజనం అయ్యాక ముప్పావు గంట ఎవరినీ బండి ఎక్కనివ్వకండి. కడుపు నిండాక రెండు నుంచి నాలుగు గంటల మధ్య వచ్చే కునుకు ఎండ కంటే, లారీల కంటే ప్రమాదకరం. నిద్ర వచ్చినవాళ్ళను పడుకోనివ్వండి, పదిహేను నిమిషాల నిద్ర చాలు. మందు విషయంలో మా క్లబ్బు నియమం ఏ సడలింపూ లేనిది: బీరు సీసా అయినా తాగినవారు ఆ రోజు బండి ముట్టుకోరు, వాళ్ళ బండి అక్కడే ఉండిపోతుంది, వాళ్ళు కారులో వస్తారు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం గానీ, గుంపులో ఉన్నప్పుడు ఆ హద్దు కూడా మనకు పనికిరాదు. ఒకరి తప్పు వెనక ఉన్న ఐదుగురి మీద పడుతుంది.

తిరుగు ప్రయాణంలో జట్లు మార్చకండి, ఉదయం ఎవరి వెనక ఎవరో సాయంత్రమూ అలాగే ఉండాలి. సంగం దగ్గర ఒకసారి ఆగండి. 2022లో ప్రారంభమైన కొత్త బ్యారేజీ దగ్గర సాయంత్రం వెలుగులో ఫొటోలు తీసుకోవాలని అందరికీ ఉంటుంది, పావుగంట చాలు. బండ్లను వంతెన మీద నిలపకుండా ఇవతల ఒడ్డున దించి నడిచి వెళ్ళండి. నెల్లూరులోకి వచ్చాక ఒక్కొక్కరూ ఎక్కడికక్కడ విడిపోతారు కాబట్టి, ఇంటికి చేరిన ప్రతివారూ తమ జట్టు స్వీప్‌కు ఒక్క మాట పంపాలి. జట్టులో అందరి నుంచీ కబురు వచ్చేదాకా స్వీప్ హెల్మెట్ తీసినా ఫోన్ పక్కన పెట్టకూడదు. రాని మనిషికి ఏడు గంటలకు తానే ఫోన్ చేయాలి.